తెర మీద గెలుపు, చుట్టుపక్కల ఓటమి: లైనక్స్ డెస్క్‌టాప్ సింహావలోకనం

‘ఈ ఏడాది లైనక్స్ డెస్క్‌టాప్ ఏడాది’ అన్న జోస్యం తొంభైల చివర్లో పుట్టింది. మొదట్లో నమ్మకంతో అన్నారు, తర్వాత ఆశతో అన్నారు, ఇప్పుడెవరైనా అంటే పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. ఎన్నిసార్లు తప్పినా ఆ జోస్యం చెప్పేవాళ్ళకు మాత్రం ఏ జనవరిలోనూ కొదవ లేదు. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేయడంతో ఆ మాట మళ్ళీ ఊపందుకుంది. నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదనో ప్రాసెసర్ పాతదనో విండోస్ 11కు పనికిరాకుండా పోయాయి. వాటినేం చేయాలని అడిగితే ‘లైనక్స్ ఎక్కించెయ్’ అనేవాళ్ళు కొందరు, ‘అది మనలాంటి వాళ్ళకు కాదు’ అనేవాళ్ళు కొందరు. రెండు మాటలకూ ముప్పై ఏళ్ళ వయసుంది. నా మటుకు నాకు రెండూ సగం నిజాలే అనిపిస్తాయి. తెర మీద కనిపించే విషయాల్లో లైనక్స్ ఎప్పుడో గట్టెక్కింది. దెబ్బతిన్నది తెర చుట్టూ ఉన్న వాటి దగ్గర: మోడెమ్, ప్రింటర్, ఫాంటు, పాట, పక్కవీధి రిపేరు కుర్రాడు.

మొదటినుంచీ చూసుకుంటూ వద్దాం. 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. తర్వాతి ఎనిమిదేళ్ళలో ఎడిటరు, కంపైలరు వంటి పనిముట్లు చాలావరకు సిద్ధమయ్యాయి గానీ వాటిని నడిపించే కెర్నల్ కుదరలేదు. 1991 ఆగస్టు 25న హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తన 386 పీసీ మీద నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి సరదాకి రాస్తున్నానని వెల్లడించాడు. అప్పటికతని వయసు ఇరవై ఒకటి. ఇవాళ సర్వర్లకూ సూపర్ కంప్యూటర్లకూ పర్యాయపదమైపోయిన లైనక్స్ ఆ విధంగా ఒక కుర్రాడి బల్ల మీది సొంత పీసీలో పుట్టింది. 1993లో, ఈ కెర్నల్‌నూ పనిముట్లనూ కలిపి ఇచ్చే డిస్ట్రోలు స్లాక్‌వేర్, డెబియన్ వచ్చాయి. రెండూ ఇప్పటికీ బతికే ఉన్నాయి, ఆ సంగతి డిస్ట్రోల లోకంలో చిన్న విషయమేం కాదు.

అప్పటి కష్టాల గురించి ఇవాళ్టి వాళ్ళకు చెబితే అతిశయోక్తి అనుకుంటారు. 1995 ఆగస్టు 24న విండోస్ 95 ‘స్టార్ట్’ బటన్‌తో ప్రపంచాన్ని ఊపేస్తున్న రోజుల్లో, లైనక్స్‌లో బొమ్మల తెర రావాలంటే మానిటర్ రిఫ్రెష్ రేట్లు కనుక్కుని ఒక ఫైల్లో చేత్తో రాయాలి. తప్పు అంకెలిస్తే మానిటర్ పాడయ్యే ప్రమాదం ఉందని ఆ సాఫ్ట్‌వేర్ పత్రాలే హెచ్చరించేవి. అదే ఏడాది ఆగస్టు 15న మన దేశంలో వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. డయలప్ కాలం. చవగ్గా దొరికే ఇంటర్నల్ మోడెములు సగం పనిని విండోస్ డ్రైవర్‌కు అప్పగించేసేవి, వాటికి ‘విన్‌మోడెమ్’ అని పేరు కూడా పడింది. తయారీదార్లు లైనక్స్‌కు డ్రైవర్ ఇవ్వలేదు. దాంతో ‘లైనక్స్‌లో నెట్ రాదు’ అనే అభిప్రాయం స్థిరపడింది. అది అబద్ధం కాదు. నెట్ ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలంటే నెట్ కావాలి, అది విండోస్‌లో మాత్రమే వస్తుంది. మళ్ళీ విండోస్‌లోకి వెళ్ళినవాళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయారు.

1996 అక్టోబరులో జర్మనీకి చెందిన మాథియాస్ ఎట్రిష్ కేడీఈ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. అతని వాదన సూటిగా ఉంది: లైనక్స్‌లో ప్రోగ్రాములకు లోటు లేదు, కానీ ఒక్కోటి ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది, మామూలు మనిషికి కావలసింది అన్నీ ఒకే తీరుగా నడిచే డెస్క్‌టాప్. 1998 జులైలో తొలి వెర్షన్ వచ్చింది. కేడీఈకి ఆధారమైన క్యూటీ లైబ్రరీ లైసెన్సు పూర్తి స్వేచ్ఛగా లేదన్న అభ్యంతరంతో 1997 ఆగస్టులో మిగెల్ ద ఇకాజా, ఫెడెరికో మెనా గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌కు కొబ్బరికాయ కొట్టారు. 2000లో క్యూటీ స్వేచ్ఛా లైసెన్సు జీపీఎల్ కిందకు రావడంతో అసలు తగువు తీరిపోయింది. తగువు తీరినా వేరుపడ్డ ఇళ్ళు మళ్ళీ కలవలేదు. అప్పటినుంచి ఏ కొత్త మనిషి లైనక్స్ గుమ్మం తొక్కినా మొదటి ప్రశ్న ‘గ్నోమా, కేడీఈనా?’ ఏమీ తెలియకుండా వచ్చినవాణ్ణి అన్నీ తెలిస్తేగానీ జవాబు చెప్పలేని ప్రశ్న అడగడం ఈ లోకంలో ఒక ఆచారమైపోయింది.

మన దగ్గరికి లైనక్స్ ఎక్కువగా పత్రికల వెంట వచ్చిన సీడీల్లో వచ్చింది. తొంభైల రెండో సగంలో పీసీ క్వెస్ట్ ఇచ్చిన సీడీలు హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఇంజనీరింగ్ హాస్టళ్ళలో చేతులు మారుతూ తిరిగాయి. ఒక సీడీ పది గదులు చూసొచ్చేది. అమెరికా, ఐరోపాల్లో లైనక్స్‌కు పెద్ద బలం ధర. విండోస్‌కు వందల డాలర్లు, లైనక్స్‌కు సున్నా. మన బజార్లో ఆ బలం పనికిరాలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటే విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, పేజ్‌మేకర్ అన్నీ క్రాక్ చేసినవి ఉచితంగా ఎక్కించి పంపేవాళ్ళు. లైనక్సూ ఉచితమే, విండోసూ ఉచితమే. రెండూ ఉచితమైనప్పుడు తెలిసినదాన్నే తీసుకుంటారు ఎవరైనా. పైరసీ వల్ల మైక్రోసాఫ్ట్ ఎంత నష్టపోయిందో లెక్కలు కట్టినవాళ్ళున్నారు. ఇలాంటి దేశాల్లో లైనక్స్ ఎంత నష్టపోయిందో లెక్కగట్టినవాళ్ళు నాకు కనిపించలేదు.

వైరస్ వచ్చి సిస్టమ్ పడకేస్తే వీధి చివర షాపు కుర్రాడు సీపీయూ పట్టుకెళ్ళి, ఫార్మాట్ కొట్టి, సాయంత్రానికి మళ్ళీ విండోస్ ఎక్కించి తెచ్చేవాడు. లైనక్స్ అంత తేలిగ్గా పడకెయ్యదు, నిజమే. కానీ పడకేసిన రోజున తీసుకెళ్ళి చూపించేందుకు ఆ వీధిలో మనిషి లేడు. సౌలభ్యం గురించి పుంఖానుపుంఖాలుగా రాసిన డిజైనర్లు ఎక్కువమంది ఈ కుర్రాణ్ణి లెక్కలోకి తీసుకోలేదు.

అంతకంటే పెద్ద ముడి డీటీపీ సెంటర్లలో పడింది. తెలుగునాట కంప్యూటర్ మీద తెలుగు అంటే శుభలేఖ, కరపత్రం, గైడు, పత్రిక. వీటన్నిటికీ పేజ్‌మేకర్, దానికి తోడు అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌ను ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చింది, 1994లో అది అడోబీ చేతికి వెళ్ళింది, 2001లో వచ్చిన ఏడో వెర్షన్‌తో ఎదుగుదల ఆగింది. మన డీటీపీ సెంటర్లలో మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం దాని రాజ్యమే నడిచింది. అను ఫాంట్లలో దాచిన అక్షరాలు యూనికోడ్ అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీద తెలుగు ముక్కల్ని కూర్చిన ఏర్పాటది. ఆ ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే వేమన పద్యమైనా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. ఆపిల్ కీబోర్డు లేఅవుట్ వేళ్ళకు పట్టేసిన ఆపరేటర్ నిమిషానికి కొట్టే వేగమే అతని జీతం. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొప్పతనం చెబితే ఏమంటాడు? ‘అనులో కొట్టుకోవచ్చా, బాబూ?’ అంటాడు. లేదన్న తర్వాత సంభాషణకు మిగిలేదేమీ లేదు.

లైనక్స్ వైపు తెలుగు పనే జరగలేదని కాదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మార్చుకునే ఆర్టీఎస్ పద్ధతిని తొంభైల తొలినాళ్ళలోనే అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించారు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గానీ దాన్ని తెర మీద సరిగ్గా చూపడానికి మరో పదేళ్ళు పట్టింది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. లైనక్స్‌లో తొలిరోజుల్లో వత్తులు తమ అక్షరం కింద కూర్చోకుండా పక్కకు జారేవి, అక్షరాల్ని కూర్చే పాంగో లైబ్రరీ కుదుటపడ్డాక ఆ బాధ తగ్గుతూ వచ్చింది. అప్పట్లో వార్తాపత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో ఉండేవి, వాటిలో కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో తప్ప తెరుచుకునేవి కావు. వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం రాసిన ‘పద్మ’ పొడిగింపు ఆ అక్షరాల్ని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. తెలుగు వికీపీడియా 2003లో మొదలవడంలోనూ ఆయన చెయ్యి ఉంది. లైనక్స్ వాడే తెలుగువాడికి రోజువారీ సౌలభ్యం పరంగా ఏ పెద్ద కంపెనీ చేసిన మేలుకన్నా పద్మ చేసిన మేలు ఎక్కువని నా లెక్క.

హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు గ్నోమ్ మెనూలను, ఆఫీస్ ప్రోగ్రాములను తెలుగు చేసి, డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తెచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు సెలవు రోజుల్లో కూర్చుని వేలకొద్దీ వాక్యాలు అనువదించారు. ఆ శ్రమ పట్ల గౌరవం ఉంచుకునే ఒక మాట అనాలి. మెనూలు తెలుగులో లేవని లైనక్స్ మానేసినవాళ్ళు తక్కువ. పాత అను ఫైళ్ళు తెరుచుకోవని మానేసినవాళ్ళు ఎక్కువ. ఆ వేల గంటల్లో కొన్నయినా నమ్మకమైన ఫాంటు మార్పిడి మీద, ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్ళే పేజీల కూర్పు మీద పెట్టి ఉంటే కథ కొద్దిగా వేరుగా ఉండేదేమో.

పాటల సంగతి కూడా చెప్పుకోవాలి. 2002లో రెడ్‌హ్యాట్ తన 8.0 వెర్షన్‌ను చక్కటి తెరతో, కొత్త ఫాంట్లతో విడుదల చేసింది. చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. తీరా ఎంపీ3 పాట మీద క్లిక్ చేస్తే మోగలేదు. పేటెంట్ చిక్కుల భయంతో ఆ సదుపాయాన్ని కంపెనీ తీసేసింది. ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న ప్రతి తెలుగింట్లో ఒక సీడీ నిండా ఘంటసాల, మరో సీడీ నిండా ఇళయరాజా ఉండేవి. పాట మోగని కంప్యూటర్ని ఇంట్లోవాళ్ళ ముందు సమర్థించడం ఎంతటి స్వేచ్ఛావాదికైనా కష్టమే. విడిగా ఇంకో ప్యాకేజీ తెచ్చుకుంటే మోగేది. కానీ ‘విడిగా తెచ్చుకుంటే’ అన్న చిన్న మాటలోంచే జనం జారిపోయారు. ఎంపీ3 పేటెంట్ల గొడవ పూర్తిగా సద్దుమణిగింది 2017లో. అప్పటికి ఎంపీ3లు దాచుకునే అలవాటే పోతోంది.

ఇక తెర మీద జరిగిన పని. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ కొద్దిమంది మామూలు వాడకందార్లను గ్నోమ్ ముందు కూర్చోబెట్టి ఏం చేస్తారో గమనించింది. రాసినవాళ్ళు తేలికనుకున్న చోటల్లా వాడేవాళ్ళు తడబడ్డారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఆ నివేదికకు పెద్ద స్థానమే ఉంది, ఎందుకంటే అది అభిప్రాయం కాదు, చూసి చెప్పిన సంగతి. దాని ప్రభావంతో 2002 జూన్‌లో వచ్చిన గ్నోమ్ 2లో సెట్టింగులు కత్తిరించారు, డైలాగులకు నియమావళి రాశారు, చివరకు ‘ఓకే’, ‘క్యాన్సిల్’ బటన్ల వరుసను కూడా మార్చారు. దాని మీద జరిగినన్ని వాదాలు మెమరీ వాడకం మీద కూడా జరిగి ఉండవు. ప్రతి సెట్టింగూ ఎవరో ఒకరికి ప్రాణమే, తీసేస్తే ఆ ఒక్కరూ ఊరుకోరు. 2005 చివర్లో టోర్వాల్డ్స్ స్వయంగా, గ్నోమ్ వాళ్ళు వాడేవాళ్ళను తెలివితక్కువ వాళ్ళనుకుంటున్నారని విరుచుకుపడి, కేడీఈ వాడమని సలహా ఇచ్చాడు. గ్నోమ్ వాళ్ళు చేసిందే సబబని నాకనిపిస్తుంది. ఆ పొదుపు లేకపోతే తర్వాత వచ్చిన ఉబుంటు అంత పొందికగా ఉండేది కాదు.

2004 అక్టోబరు 20న ఉబుంటు 4.10 వచ్చింది. దక్షిణాఫ్రికా కోటీశ్వరుడు మార్క్ షటిల్‌వర్త్ డెబియన్‌కు నగిషీ పెట్టి, ఆర్నెల్లకో కొత్త వెర్షన్ అని మాటిచ్చి, అడిగినవాళ్ళకు అడిగినన్ని సీడీలు పోస్టులో పంపించాడు. పోస్టు ఖర్చు కూడా ఆయనదే. నెట్ వేగం అంతంతమాత్రంగా ఉన్న మన దేశంలో ఏడు వందల ఎంబీ డౌన్‌లోడ్ అంటే రోజుల తరబడి సాగే వ్యవహారం. ఆ గోధుమరంగు అట్టలోని సీడీ పోస్ట్‌మ్యాన్ చేతుల మీదుగా ఇంటికి రావడం లైనక్స్ సాధించిన అతిపెద్ద సౌలభ్యమని ఒప్పుకోవాలి. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా సీడీ నుంచే నడిపి చూసే వీలు అంతకుముందే నాపిక్స్ చూపించింది, ఉబుంటు దాన్ని అందరికీ అలవాటు చేసింది. ఉబుంటు లోపాల జాబితాలో ఒకటో నంబరు లోపంగా షటిల్‌వర్త్ నమోదు చేసింది ఇది: కంప్యూటర్ బజారులో సింహభాగం మైక్రోసాఫ్ట్‌ది. 2013లో ఆయనే ఆ లోపాన్ని మూసేశాడు. సరిచేసింది ఉబుంటు కాదు, ఫోన్లు, ట్యాబ్లెట్లు. ఆ ఫోన్లలో అత్యధికం నడిచేది ఆండ్రాయిడ్ మీద, ఆండ్రాయిడ్ నడిచేది లైనక్స్ కెర్నల్ మీద. డెస్క్‌టాప్ వాడికి అది గెలుపో ఓటమో తేల్చుకోవడం కష్టం.

2007లో ఆసుస్ ‘ఈ పీసీ’ అనే ఏడంగుళాల బుల్లి ల్యాప్‌టాప్ జాండ్రోస్ లైనక్స్‌తో వచ్చింది. లైనక్స్ కావాలని అడగకుండానే లైనక్స్ కొన్నవాళ్ళు బహుశా మొదటిసారి అప్పుడే పెద్దసంఖ్యలో కనిపించారు. మైక్రోసాఫ్ట్ వెంటనే మేలుకుంది. చరమాంకంలో ఉన్న ఎక్స్‌పీకి ఈ బుల్లి యంత్రాల కోసం 2010 దాకా ఆయుష్షు పోసింది. రెండేళ్ళు తిరక్కుండా నెట్‌బుక్ అంటే విండోస్ అయిపోయింది. పోటీ తెర మీద జరగలేదు, దుకాణం కౌంటర్ మీద జరిగింది. ముందే ఎక్కించి అమ్మేదే తేలిక, మనం ఎక్కించుకోవలసింది కష్టం. మామూలు మనిషి మనసులో సౌలభ్యానికి అర్థం అంతకుమించి లేదు.

ఆ దెబ్బనుంచి కోలుకోకముందే లైనక్స్ డెస్క్‌టాప్ తన కాలు తనే నరుక్కుంది. 2008 జనవరిలో కేడీఈ 4.0 విడుదలైంది. ఇది ఇంకా పచ్చిదేనని రాసినవాళ్ళు చెప్పినా, ఫెడోరా వంటి డిస్ట్రోలు దాన్నే జనం ముందు పెట్టాయి. ప్యానెల్ పడిపోవడం, సెట్టింగులు మాయమవడం నిత్యకృత్యమైంది. కేడీఈ వాడమన్న టోర్వాల్డ్సే గ్నోమ్‌కు మారిపోయాడు. ఆయనకు అక్కడా శాంతి దొరకలేదు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. అందులో కిటికీని కిందికి దించే, పెద్దది చేసే బటన్లు తీసేశారు. కంప్యూటర్ ఆపేయడానికి ‘పవరాఫ్’ మామూలుగా కనిపించదు, మెనూ తెరిచి ఆల్ట్ కీ నొక్కి పట్టుకుంటేనే బయటపడుతుంది! టోర్వాల్డ్స్ తిట్టుకుంటూ ఎక్స్ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు వెళ్ళాడు, తర్వాత మళ్ళీ గ్నోమ్‌కే వచ్చాడు. కెర్నల్ రాసిన మనిషికే ఇన్ని వలసలు తప్పనప్పుడు మనబోటి వాళ్ళ గతేమిటి! గ్నోమ్ 3 వచ్చిన నెలలోనే ఉబుంటు ఆ కొత్త ముఖాన్ని పక్కనపెట్టి తన సొంత ముఖం యూనిటీని ముందుకు తెచ్చింది.

ఈ పిచ్చి లైనక్స్‌కే పట్టలేదు. 2010లో ఐప్యాడ్ వచ్చాక అందరికీ ట్యాబ్లెట్ కలలు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ కూడా 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ పీకేసి ఏడాదికే తిరిగి పెట్టుకుంది. తేడా ఒక్కటే. మైక్రోసాఫ్ట్ తప్పు చేస్తే దిద్దుకునేదాకా వాడేవాళ్ళు పంటి బిగువున భరించారు. లైనక్స్‌లో భరించలేనివాళ్ళు వేరు కుంపటి పెట్టారు: పాత గ్నోమ్‌ను బతికించడానికి మాటే, కొత్త పునాది మీద పాత ఇల్లు కట్టడానికి సినమన్. క్లెమెంట్ లెఫెబ్వర్ 2006లో మొదలుపెట్టిన లైనక్స్ మింట్ ఈ కాందిశీకులందరికీ ఆశ్రయమైంది. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, ఉన్నచోటే ఉండే బటన్లు. మింట్ కొత్తగా కనిపెట్టింది తక్కువే. అలవాటును అజ్ఞానంగా చూడకపోవడమే దాని గొప్ప. ఇప్పటికీ కొత్తవాళ్ళు ఏ డిస్ట్రో ఎక్కించుకోవాలని అడిగితే మొదట వినిపించే పేరు అదే. ఉబుంటు మాత్రం యూనిటీని ఫోనుకూ టీవీకీ విస్తరించాలని చూసి, 2013లో ఉబుంటు ఎడ్జ్ ఫోను కోసం 3.2 కోట్ల డాలర్లు చందాగా అడిగి 1.28 కోట్ల దగ్గర ఆగిపోయి, 2017లో గ్నోమ్‌కు తిరిగొచ్చింది.

సర్కారీ ప్రయోగాల్లో రెండిటిని పక్కపక్కన పెట్టి చూడాలి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కు మారాలని తీర్మానించింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ సెలవు ఆపుకుని మరీ మేయర్‌ను కలిసి బేరమాడినా లాభం లేకపోయింది. పదేళ్ళ శ్రమతో 15 వేల దాకా కంప్యూటర్లు మార్చారు. 2017లో కొత్త పాలకవర్గం తిరిగి విండోస్‌కే వెళ్ళాలని ఓటేసింది. ఆ పక్క కేరళలో ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు బడి పిల్లలకు లైనక్స్‌లోనే కంప్యూటర్ పాఠాలు, అందులోనే ప్రాక్టికల్ పరీక్ష పెట్టింది. ప్రభుత్వాలు మారినా అది చెక్కుచెదరలేదు. మ్యూనిక్‌లో బయటి ఆఫీసుల పత్రాలు, విండోస్‌లో తప్ప నడవని ప్రోగ్రాములు ఉద్యోగుల్ని రోజూ సతాయించాయి. కేరళలో పాఠ్యపుస్తకం, టీచరు శిక్షణ, పరీక్ష, రిపేరు అన్నీ ఒకే చేతి కింద ఉన్నాయి. రెండుచోట్లా సాఫ్ట్‌వేర్ ఇంచుమించు ఒకటే.

మన తెలుగు రాష్ట్రాల్లో అలాంటిది జరగలేదు. ఇక్కడ లైనక్స్ ఉద్యోగంగా వచ్చింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడల నిండా లైనక్స్ అడ్మిన్, రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఈ కోర్సుల పోస్టర్లు. ఆ మెట్లెక్కి దిగినవాళ్ళలో ఎందరో డల్లాస్ నుంచి సిడ్నీ దాకా ఇవాళ సర్వర్లు చూసుకుంటున్నారు. పగలంతా నల్లతెర మీద లైనక్స్ ఆజ్ఞలు కొట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి విండోస్ ల్యాప్‌టాప్‌లోనో మ్యాక్‌లోనో సినిమా చూసేవాళ్ళు వీళ్ళు. లైనక్స్ కష్టమన్న అభిప్రాయం వీళ్ళకుండే అవకాశమే లేదు, అయినా ఇంటికి తేలేదు. కంపెనీ ఏ ల్యాప్‌టాప్ ఇస్తే అదే. 2001లో లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చిన బామర్ కుర్చీలో 2014లో కూర్చున్న సత్య నాదెళ్ళ హైదరాబాదులో చదువుకున్నవాడే. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ లైనక్స్‌ను ప్రేమిస్తుందని వేదికెక్కి చెప్పాడు. 2016 నుంచి విండోస్ లోపలే లైనక్స్ నడుస్తోంది. ప్రోగ్రామర్లు లైనక్స్ కోసం విండోస్ వదిలే అవసరాన్ని అలా తీసేశారు. ఇంత లాఘవంగా వేసిన ఎత్తు ఈ ముప్పై ఏళ్ళలో మరొకటి లేదనిపిస్తుంది.

ప్రోగ్రాములు పంచడమూ పెద్ద తలనొప్పే. 2014 డెబియన్ సమావేశంలో టోర్వాల్డ్స్ తన సొంత అనుభవమే చెప్పాడు. స్కూబా డైవింగ్ చిట్టా కోసం తాను మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ ప్రోగ్రామును విండోస్‌కూ మ్యాక్‌కూ తయారుచేసి ఇవ్వగలుగుతున్నారు, లైనక్స్‌కు మాత్రం డిస్ట్రోకొకటి చేయలేక చేతులెత్తేశారు. తర్వాత ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ పద్ధతులు ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ వచ్చి ఈ బాధను చాలావరకు తీర్చాయి. ఏది వాడాలన్న కొత్త తగువూ తెచ్చాయి. 2021 నవంబరులో కెనడా వీడియోకారుడు లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే డిస్ట్రోలో ఆటల కోసం స్టీమ్ ఎక్కించబోయాడు. ప్యాకేజీల పొరపాటు వల్ల సిస్టమ్ అతన్ని ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అని టైపు చేయమంది. చేశాడు. మొత్తం డెస్క్‌టాపే చెరిగిపోయింది. హెచ్చరిక చదవకపోవడం అతని తప్పని ఒక వర్గం దుమ్మెత్తిపోసింది. ఒక ఆట ప్రోగ్రాము ఎక్కించుకుంటే ఇల్లు కూలడం ఏ రకంగానూ మనిషి తప్పు కాదు. రాసినవాళ్ళు ఆ సంగతి గ్రహించి, అలాంటి పని అంత తేలిగ్గా జరగకుండా మార్చారు.

ఆటల వైపు నుంచే అసలైన మార్పు వచ్చింది. స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థ 2018లో విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్, 2022 ఫిబ్రవరిలో చేతిలో ఇమిడే స్టీమ్ డెక్ తెచ్చింది. కొన్నవాళ్ళలో చాలామందికి లోపలున్నది లైనక్సని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. స్టాట్‌కౌంటర్ లెక్కల్లో ప్రపంచ డెస్క్‌టాప్‌లలో లైనక్స్ వాటా 2024 ఫిబ్రవరిలో 4 శాతం దాటింది. అదే ఏడాది భారతదేశంలో 15 శాతం కూడా దాటి కనిపించింది. అవి వెబ్ పేజీల సందర్శనల నుంచి తీసిన లెక్కలు, జనాభా లెక్కల్లా చదవకూడదు. జర్మనీలోనే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30 వేల కంప్యూటర్లను మార్చుతామని 2024లో ప్రకటించింది. మ్యూనిక్ చేదు జ్ఞాపకం ఉన్న దేశంలో అది సాహసమే, ఫలితం తేలడానికి టైముంది. ధ్వనికి పైప్‌వైర్, తెరకు వేలాండ్ వచ్చి నలభై ఏళ్ళ నాటి ఎక్స్ విండో సిస్టమ్ నెమ్మదిగా తప్పుకుంటోంది. మోడెమ్ గొడవ అసలే లేదు, ప్రింటర్లు చాలావరకు వాటంతటవే దొరుకుతున్నాయి, పాటలు యూట్యూబ్‌లో మోగుతున్నాయి, బ్యాంకు నుంచి రైలు టికెట్టు దాకా బ్రౌజర్లోనే అయిపోతోంది. ఈ బాధల్లో చాలావాటిని లైనక్స్ తీర్చలేదు, కాలం తీర్చింది.

మిగిలింది డీటీపీ సెంటరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లో పేజ్‌మేకర్‌కు బదులుగా ఉన్న స్క్రైబస్‌లో భారతీయ లిపులు సరిగ్గా కూర్చుకోవడం ప్రయోగదశ దాటి, 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిర వెర్షన్‌లోకి చేరింది. వత్తులు, గుణింతాలు ఇప్పుడు ఉండాల్సిన చోటే కూర్చుంటున్నాయి. ఉచితంగా దొరికే మంచి యూనికోడ్ తెలుగు ఫాంట్లకూ కొదవలేదు. అను అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు కూడా ఉన్నాయి. అయితే మార్చిన ప్రతి పేజీకీ మళ్ళీ ప్రూఫ్ చూసుకోవాలి. ఒక చిన్న ప్రచురణకర్త దగ్గర పాతికేళ్ళ పుస్తకాలన్నీ అను ఫైళ్ళలో ఉన్నాయనుకోండి. ఆయనకు లైనక్స్ ఎక్కించే ఖర్చు సున్నా. ఆ పుస్తకాలన్నిటికీ ప్రూఫ్ చూసినవాళ్ళకు పేజీ లెక్కన ఇవ్వాల్సిన కూలి ఎంతో మాత్రం ఆయన ఇప్పటికే లెక్కవేసి పెట్టుకుని ఉంటాడు.